తోకకు సరిపడా కొమ్మ

పిట్టల ఫొటోలు తీయడం మొదలుపెట్టిన ఆర్నెల్లకు దాదాపు అందరూ ఒక ప్రశ్న అడుగుతారు. "లెన్సు మంచిదే. వెలుతురూ బాగానే ఉంది. పిట్ట కన్ను కూడా తేటగా పడింది. మరి తోక ఎందుకు తెగిపోతోంది?" తెగకపోతే మసకబారుతుంది. మసకబారకపోతే వెనకాల ఆకుల్లో కలిసిపోతుంది. పిచ్చుకతోనో గోరింకతోనో రాని ఈ తిప్పలు పొడుగు తోక పిట్టల దగ్గరే ఎందుకొస్తాయి?

ఈ ప్రశ్నకు నాకు సగం జవాబు పుస్తకాల్లో దొరికింది. మిగతా సగం గిద్దలూరు వైపు, నల్లమల అంచున ఉన్న ఒక మామిడి తోటలో దొరికింది. అక్కడ నీళ్ల తొట్టి ఒకటి కారుతూ ఉండేది. కారిన చోట పళ్లెమంత గుంట. ఎండాకాలం సాయంత్రాలు తెల్లటి మగ తోకపిగిలిపిట్ట ఒకటి ఆ గుంటలో స్నానానికి వచ్చేది. కొమ్మ మీంచి బాణంలా దిగి, నీళ్లను ఒక్కసారి తాకి, మళ్లీ కొమ్మెక్కేది. నేను గుంట పక్కనే జానెడున్నర కర్ర ఒకటి పాతి, దాని మీద వాలితే ఫొటో కొట్టేద్దామని కూర్చున్నాను. మూడు సాయంత్రాలు గడిచాయి. అది సపోటా కొమ్మ మీద వాలింది, మోటారు కొట్టం కరెంటు తీగ మీద వాలింది, ఆఖరికి ఆరేసిన లుంగీ తాడు మీద కూడా వాలింది. నా కర్ర మీద మాత్రం వాలలేదు.

మూడోనాడు తోట కాపలా తాత బీడీ ఆర్పుతూ అన్నాడు. "సారూ, దాని తోక చూశావా? నీ కర్ర జానెడున్నర లేదు. ఆడ కూచుంటే తోకంతా బురదలో పడుద్ది. పట్టుచీర కట్టుకున్న మనిషి బురదలో కూచుంటదా?"

తాత చెప్పిన కారణమే పూర్తి కారణం కాకపోవచ్చు. నేలకు అంత దగ్గర కూర్చుంటే ముంగిస భయం, పిల్లి భయం కూడా ఉంటాయి. కానీ ఆయన నేను వేసుకోని ప్రశ్న వేశాడు. మూడు రోజులూ నేను నా కెమెరాకు ఏ కొమ్మ బాగుంటుందో చూసుకున్నాను. ఆ తోకకు ఏ కొమ్మ బాగుంటుందో ఒక్కసారీ ఆలోచించలేదు.

ఇంతకీ అంత తోక ఎందుకు?

మద్రాసు ప్రెసిడెన్సీలో పనిచేసిన జెర్డన్ అనే సైనిక వైద్యుడు 1862లో మొదటి సంపుటం వెలువరించిన 'ద బర్డ్స్ ఆఫ్ ఇండియా'లో పిట్టలకు తెలుగు పేర్లు కూడా రాసిపెట్టాడు. అప్పటి పిట్టలు పట్టేవాళ్ల నోటి మాటలవి. పిగిలిపిట్ట అంటే బుల్‌బుల్. దానికి పొడుగు తోక తగిలిస్తే తోకపిగిలిపిట్ట, ఇంగ్లీషులో పారడైజ్ ఫ్లైక్యాచర్. బంధుత్వం చూస్తే అది బుల్‌బుల్ కానే కాదు, కానీ నల్లటి తల, దాని మీద జుట్టు చూస్తే ఆ పేరు పెట్టినవాళ్ల చూపును మెచ్చుకోవాలనిపిస్తుంది. పశువుల వెంట తిరుగుతుంది కాబట్టి డ్రోంగో పసులపోలిగాడయింది, ఏట్రింత అనీ అంటారు. పచ్చగా మెరుస్తూ తీగల మీద కూర్చునే బీ-ఈటర్ చిన్న పసిరిక. ట్రీపై అనే గోధుమరంగు కాకిజాతి పిట్ట గోకురాయి.

ఈ నాలుగింటి తోకలూ నాలుగు రకాలు. తోకపిగిలిపిట్ట ఒళ్లు 20 సెంటీమీటర్లు. ఎదిగిన మగదానికి తోక మధ్యలోని రెండు ఈకలు రిబ్బన్లలా 30 సెంటీమీటర్ల దాకా పెరుగుతాయి. బరువు చూస్తే ఇరవై గ్రాములు, అంటే నాలుగైదు చిన్న చెంచాల పంచదార. పసిరికకు తోక మధ్యనుంచి సూదుల్లాంటి రెండు ఈకలు మిగతా తోకను దాటి 5 సెంటీమీటర్లు పొడుచుకొస్తాయి. రాకెట్‌తోక పసులపోలిగాడికి బయటి ఈకలు రెండూ ఒట్టి తీగల్లా సాగి, చివర గరిటెల్లా విచ్చుకుంటాయి. అది ఎగురుతుంటే వెనకాల రెండు తుమ్మెదలు తరుముతున్నట్టుంటుంది. గోకురాయి తోక మెట్లమెట్లుగా ఉంటుంది, దాని మొత్తం పొడవులో సగం అదే. (నెమలి సంగతేమిటని అడుగుతారేమో. నెమలి విప్పేది అసలు తోక కాదు. తోక మీద కప్పినట్టుండే వీపు ఈకలవి. అసలు తోక వాటి వెనక పొట్టిగా, గోధుమరంగులో, ఆ బరువంతా మోస్తూ నిలబడి ఉంటుంది. ఎవరూ దాని ఫొటో తీయరు.)

ఎగరడానికి చుక్కాని కావాలి కాబట్టి తోక ఉందనడం సులభం. కానీ చుక్కాని పడవకంటే పొడుగుండదు కదా. రిబ్బను తోక గాలిలో ఈడ్చుకుపోవడానికి శ్రమ, పొదల్లో తగులుకుంటుంది, శత్రువుకు కనబడుతుంది. ఇంత నష్టానికి ఒప్పుకుని అది ఎందుకు పెరిగింది?

స్వీడన్ పరిశోధకుడు మాల్టే ఆండర్సన్ కెన్యా గడ్డిమైదానాల్లో ఒక పని చేశాడు. అక్కడ లాంగ్-టెయిల్డ్ విడోబర్డ్ అనే నల్లపిట్ట ఉంది. మగదాని తోక అరమీటరు. కొన్ని మగపిట్టల తోకలను 14 సెంటీమీటర్లకు కత్తిరించాడు. ఆ కోసిన ముక్కలను సూపర్‌గ్లూతో ఇంకొన్నింటి తోకలకు అతికించి పావుమీటరు పొడుగు చేశాడు. మన దర్జీ లంగాకు అంచు వేసినట్టే. మరి కొన్నింటిని ముట్టుకోకుండా వదిలేశాడు. ఇంకొన్నింటికి తోక కోసి, మళ్లీ అదే తోక అతికించాడు, కత్తెర, జిగురుల వల్లే తేడా వచ్చిందేమోనన్న అనుమానం మిగలకుండా. తర్వాత ఏ మగదాని హద్దులో ఎన్ని కొత్త గూళ్లు వచ్చాయో లెక్కపెట్టాడు. పొడుగు చేసిన తోకవాళ్లదే గెలుపు. 1982లో 'నేచర్' పత్రికలో వచ్చిన ఈ వ్యాసం ఆడపిట్టల ఎంపికే తోకను సాగదీస్తుందని ఆరుబయట రుజువు చేసిన తొలి ప్రయోగాల్లో ఒకటి.

ఫొటోగ్రాఫరుకు ఇది తెలిసి ఏం లాభం? చాలా ఉంది. ఆ తోక ఉన్నదే చూడ్డానికని, నాలుగు కళ్లలో పడ్డానికని తేలింది కదా. దాన్ని కత్తిరించేసిన ఫొటో నవ్వు కోసేసిన పెళ్లిఫొటో లాంటిది.

మూరెడు పిట్ట, జానెడు చట్రం

ఇప్పుడు తోక తెగడం సంగతి. కెమెరా చూసే దీర్ఘచతురస్రాన్ని చట్రం అందాం. పొడుగు లెన్సు ఒక సన్నటి కిటికీ లాంటిది. దాంట్లోంచి ఎదుటి ఇంటి వాకిలి మొత్తం కనబడదు, ముగ్గులో ఒక చుక్క కనిపిస్తుంది.

పిట్టల ఫొటోగ్రాఫర్లు ఎక్కువగా వాడే 500 మిల్లీమీటర్ల లెన్సు తీసుకోండి. ఫుల్‌ఫ్రేమ్ కెమెరాకు తగిలించి, 8 మీటర్ల దూరంలో కొమ్మ మీదికి గురిపెట్టండి. ఆ దూరంలో చట్రంలో పట్టేది 57 సెంటీమీటర్లు పొడవు, 38 సెంటీమీటర్లు వెడల్పు. మన పిట్ట తోకతో సహా అరమీటరు, అదీ నిలువుగా వేలాడుతూ. కెమెరాను మామూలుగా అడ్డంగా పట్టుకుంటే పైనుంచి కిందికి పట్టేది 38 సెంటీమీటర్లే. తోక తెగక ఏమవుతుంది? ముప్పావు లీటరు సీసాలో లీటరు పాలు పోస్తున్నాం.

సరే, కెమెరా నిలువుగా తిప్పాం. ఇప్పుడు 57 ఉంది, పిట్ట 50. పట్టాలి కదా? అయినా తెగుతుంది. మనకు కన్ను తేటగా రావాలి కాబట్టి చట్రం నడిమధ్యన ఉండే గురిచుక్కను కంటి మీద పెడతాం. అప్పుడు కంటికి కింద మిగిలింది సగం, అంటే 28 సెంటీమీటర్లు. తోకకు కావలసింది అంతకంటే ఒకటిన్నర రెట్లు. తల మీద ఖాళీ ఆకాశం బోలెడంత, కింద తోక సగం. నా మొదటి ఏడాది ఫొటోలన్నీ ఇవే. గురిచుక్కను చట్రం పైభాగానికి జరుపుకునే వీలు ఇప్పటి కెమెరాలన్నింట్లో ఉంది. కానీ పిట్ట వాలిన క్షణంలో బొత్తాం వెతుక్కుంటే అందదు. అది వాలకముందే జరిపి ఉంచాలి. ఆ కొమ్మ మీద పిట్ట ఎక్కడ కూర్చుంటుందో, కన్ను ఎక్కడుంటుందో, తోక కొస ఎక్కడిదాకా దిగుతుందో ముందే ఊహించుకుని చట్రం సిద్ధం చేయాలి. నేనిప్పుడు కొమ్మ పాతగానే అరమీటరు పాత రిబ్బను ఒకటి దాని మీద వేలాడదీసి చూసుకుంటాను. తాత దాన్ని చూసి దిష్టికి కట్టాననుకున్నాడు.

ఇంకా సులభమైన ఉపాయం ఒకటుంది, ఎవరికీ నచ్చదు. వెనక్కి జరగడం. 8 మీటర్ల నుంచి 12 మీటర్లకు జరిగితే అడ్డచట్రంలో కూడా పైనుంచి కిందికి 57 సెంటీమీటర్లు పడుతుంది. అంత డబ్బు పోసి లెన్సు కొన్నది దగ్గరగా చూడ్డానికి కదా అంటారు. వెనక్కి జరిగితే వచ్చే రెండో లాభం వింటే మాట మారుస్తారు.

ఒక్క వరస ఇటుక గోడ

లెన్సు అన్ని దూరాలనూ ఒకేలా చూడదు. మనం గురిపెట్టిన దూరంలో ఒక పలచటి పొర తేటగా పడుతుంది, దానికి ముందున్నదీ వెనకున్నదీ క్రమంగా మసకబారుతుంది. ఫొటోగ్రాఫర్లు దీని మందాన్ని డెప్త్ ఆఫ్ ఫీల్డ్ అంటారు. మనం తేటపొర అనుకుందాం, మజ్జిగ మీద తేరుకున్న తేటలాగా.

అదే 500 లెన్సు, లోపలి కన్నం ఎఫ్5.6 దగ్గర తెరిచి, 8 మీటర్ల దూరాన గురిపెడితే తేటపొర మందం సుమారు 8 సెంటీమీటర్లు. అంటే ఒక ఇటుక మందం. కెమెరాకు ఎదురుగా ఒక్క వరస ఇటుకలతో కనబడని గోడ కట్టినట్టు ఊహించుకోండి. పిట్ట ముక్కు నుంచి తోక కొస దాకా ఆ గోడలోనే ఇమిడి కూర్చోవాలి. పిచ్చుకకు పెద్ద ఇబ్బంది లేదు, దాని తోక పొట్టిది. కానీ ముప్పై సెంటీమీటర్ల రిబ్బను కాస్త వెనక్కి వాలిందా, దాని సగం గోడ అవతల పడుతుంది. కన్ను సూదిమొనలా, తోక పొగలా వస్తుంది.

దూరం పెరిగితే ఈ గోడ మందం దూరానికి వర్గంలా పెరుగుతుంది. 4 మీటర్ల దగ్గర అది 2 సెంటీమీటర్లే. 12 మీటర్ల దగ్గర 19. అందుకే వెనక్కి జరగమన్నది. బొమ్మ చిన్నదవుతుంది నిజమే, ఇప్పటి కెమెరాల్లో ఉన్న చుక్కల సంఖ్యకు కొంత కోసుకున్నా నష్టం లేదు. ముక్కు ఈకలు లెక్కపెట్టాలనే ఆరాటం తగ్గించుకోవాలి, అంతే.

ఇప్పుడు నాకు చాలా ఆలస్యంగా వెలిగిన సంగతి. పిట్టగోడ మీద కాళ్లు వేలాడేసి కూర్చున్న మనిషిని చూడండి. అతను గోడ సాగిన దిక్కుకు చూడడు, గోడకు అడ్డంగా చూస్తాడు. పిట్టా అంతే. కొమ్మ ఎటు సాగితే దానికి అడ్డంగా కూర్చుంటుంది. మరి మనం కొమ్మను ఎలా పెడతాం? దండెంలాగా ఎడమనుంచి కుడికి, కెమెరాకు ఎదురుగా. చూడ్డానికి అందంగా ఉంటుందని. అలా పెడితే పిట్ట మనవైపు ముఖం పెట్టి కూర్చుంటుంది, తోక వెనక్కిపోతుంది, లేదా మనకు వీపు చూపించి తోక మన ముఖాన పెడుతుంది. రెండూ ఇటుకగోడకు అడ్డమే.

అందుకని కొమ్మ కొన కెమెరావైపు చూసేలా, కాస్త ఏటవాలుగా పెట్టాలి. అప్పుడు పిట్ట పక్కకు తిరిగి కూర్చుంటుంది, ఒళ్లూ తోకా గోడ వెంట సాగుతాయి. కొమ్మ అందం తగ్గుతుంది, ఎదురుగా చూస్తే మొద్దులాగా కనబడుతుంది కూడా. కొన సన్నగా ఉండి, మొదలు చట్రం బయట ఉండేలా పెడితే ఆ వికారం పోతుంది. నేనయితే నలభై అయిదు డిగ్రీల దగ్గర రాజీ పడతాను.

పిట్ట కొమ్మను ఎలా ఎంచుతుంది?

కొమ్మ మీద వాలడం మనకు చిన్న పనిలా కనబడుతుంది. ఎగురుతూ వచ్చే ఒంటిని చేతులు లేకుండా, వేలెడు మందం కొయ్య మీద, ఒక్క క్షణంలో ఆపాలి. పరుగెత్తే బస్సులోంచి దిగి, ఒంటికాలి మీద ఆగినట్టు.

అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు చిన్న చిలకలతో దీన్ని పరీక్షించి 2019లో ఫలితాలు ప్రకటించారు. కొయ్య, నురుగు, గరుకు కాగితం, నున్నటి టెఫ్లాన్, ఇలా రకరకాల చుట్టలున్న కడ్డీల మీద వాలనిచ్చి, వేగంగా తీసే కెమెరాలతో చూశారు. చిలకలు ఏ కడ్డీకైనా ఒకేలా ఎగిరొచ్చాయి. తేడా అంతా పాదం తగిలిన తర్వాతే. గోళ్లు ఉపరితలాన్ని గీరుతూ పట్టు దొరికేదాకా వెతికాయి, పట్టు జారితే సెకనులో వెయ్యింట ఒకటి రెండు వంతుల్లో సర్దుకున్నాయి. అంటే పిట్టకు బెరడే చేతికర్ర. బెరడు ఒలిచిన నున్నటి కర్ర, రంగు వేసిన పైపు, ఇనుప కడ్డీ మీద అది కూర్చోలేదని కాదు. కరెంటు తీగ మీద కూర్చునే పిట్టకు ఏదయినా కొమ్మే. కానీ తుమ్మ, రేగు, చండ్ర కొమ్మలాంటి గరుకు బెరడు దొరికితే అది తొణక్కుండా ఎక్కువసేపు ఆగుతుంది. ఫొటో దొరికేది ఆ ఎక్కువసేపట్లోనే.

మందం కూడా తోకను బట్టే. సన్నటి కొమ్మ పిట్ట బరువుకు ఊగుతుంది. ఊగితే బ్యాలెన్సు కోసం తోకను విసిరి విసిరి సర్దుకుంటుంది. గోకురాయి లాంటి బరువైన పిట్టకు బొటనవేలంత కొమ్మయినా కావాలి. తోకపిగిలిపిట్టకు చూపుడువేలు చాలు. పసిరికకు పెన్సిలు చాలు, పైగా అది ఎండిన ముళ్లకొమ్మనే ఇష్టపడుతుంది. కారణం దాని వృత్తి. కొమ్మ మీంచి లేచి, గాల్లో ఈగనో తేనెటీగనో పట్టి, అదే కొమ్మకు తిరిగొచ్చి, చాకలి బండకు బట్ట వేసి బాదినట్టు ఆ పురుగును కొమ్మకేసి బాదుతుంది. పెంకు విరగాలి, కొండి పోవాలి. దానికి అడ్డు లేని చూపు, గట్టి కొయ్య, చుట్టూ ఎగరడానికి ఖాళీ కావాలి. ఆకులున్న కొమ్మ నాకు అందం, దానికి అడ్డం. పసిరిక వాలిన కొమ్మ కింద చూస్తే తెల్లటి రెట్టలు, తేనెటీగ రెక్కలు పడి ఉంటాయి. కొత్తగా కొమ్మ పాతాలంటే ఆ చోటికి నాలుగడుగుల్లో పాతండి. ఏ కొమ్మ ఖాళీ లేని ఆఫీసో అదే చెబుతుంది.

గాలి సంగతి చివర చెబుతున్నాను కానీ, ముందే చూడాల్సింది అదే. విమానంలాగే పిట్ట గాలికి ఎదురొచ్చి వాలుతుంది, గాలికి ఎదురుగానే కూర్చుంటుంది. వెనకనుంచి గాలి కొడితే ఈకల్లోకి దూరుతుంది, తోక గొడుగులా తిరగబడుతుంది. రిబ్బను తోక అయితే గాలి ఎటు పోతే అటు సాగుతుంది. కాబట్టి గాలి కెమెరాకు ఎడమనుంచో కుడినుంచో వచ్చేలా కూర్చుంటే రిబ్బను ఇటుకగోడలోనే ఎగురుతుంది. ఎదురుగాలి వస్తే మూట కట్టుకుని ఇంటికి పోవడం మేలు. అది ఎంత ఎగురుతుందో కూడా చూసుకోవాలి. రిబ్బను కొస సెకనుకు ఒక్క మీటరు వేగంతో ఊగినా, షట్టరును సెకనులో 250వ వంతు తెరిస్తే ఫొటోలో 4 మిల్లీమీటర్లు జరిగినట్టు పడుతుంది. వెయ్యో వంతుకు పోతే ఒక్క మిల్లీమీటరు. కన్ను కదలదు కానీ తోక కదులుతుంది. వేగం తోకను బట్టి పెట్టుకోవాలి.

వెనక తెర

తోలుబొమ్మలాటలో తెర వెనక దీపం ఉంటుంది, తెర మీద బొమ్మ తప్ప ఇంకేమీ ఉండదు. పొడుగు తోకకు అలాంటి తెర కావాలి. రాకెట్‌తోక పసులపోలిగాడి తోకతీగ పురికొస కంటే సన్నం. వెనక ఒక్క వెదురు గీత ఉన్నా తీగ ఏదో వెదురేదో తెలియదు. చివరి గరిటెలు రెండూ ఎవరో అంటించినట్టు గాల్లో తేలుతాయి.

ఈ తెరను కొనక్కర్లేదు, దూరంతో తయారవుతుంది. మసక పడ్డ ప్రతి చుక్కా ఒక బిళ్లలా విచ్చుకుంటుంది. ఆ బిళ్ల ఎంత పెద్దదన్నది లెన్సు కన్నం వెడల్పు మీద, కొమ్మకు వెనక చెట్లెంత దూరమన్న దాని మీద ఆధారపడుతుంది. మన లెన్సు కన్నం ఎఫ్5.6 దగ్గర 9 సెంటీమీటర్లు. 8 మీటర్ల దూరాన పిట్ట, దానికి 2 మీటర్లు వెనక పొద ఉంటే, పొదలోని చుక్కలు పిట్ట పక్కన పెట్టి కొలిస్తే దాదాపు 2 సెంటీమీటర్ల బిళ్లలవుతాయి. ఆకు రూపం ఇంకా తెలుస్తుంది. అదే పొద 12 మీటర్లు వెనకుంటే బిళ్ల 5 సెంటీమీటర్లు దాటుతుంది. ఆకులు కరిగి పచ్చటి నీళ్లవుతాయి, వేలి వెడల్పు లేని రిబ్బను వాటి మీద తెల్లగా నిలబడుతుంది. కాబట్టి పొదకు దగ్గరగా పాతిన కొమ్మ కంటే, గట్టు మీద పాతి, వెనక లోయనో చెరువునో వదిలిన కొమ్మ నయం. లోయ వెనకున్న కొండ నీడలో ఉంటే ఇంకా మంచిది.

నీడ అన్నాను కాబట్టి తెల్ల మగపిట్ట విషయం. కెమెరా తన ముందున్నదంతా సగటున బూడిదరంగు అనుకుని వెలుతురు కొలుస్తుంది. చీకటి పొద ముందు తెల్లపిట్టను పెడితే, అయ్యో చీకటిగా ఉందే అని వెలుతురు ఎక్కువ తీసుకుంటుంది. రిబ్బను పాలిపోయి, ఈకల గీతలు చెరిగి, కాగితపు ముక్కలా మిగులుతుంది. ఎండలో వాకిట్లో వేసిన ముగ్గును ఫోనుతో తీసినప్పుడు గీతలు కలిసిపోవడం చూసే ఉంటారు. వెలుతురు తగ్గించి తీయాలి. పొద నల్లబడితే పడనీయండి.

మాటు

తెలుగులో వేటగాళ్ల మాట ఒకటి ఈ పనికి సరిగ్గా సరిపోతుంది. మాటు వేయడం. పిట్టకు కనబడకుండా, చూపు మాత్రం దాని మీద ఉంచి కూర్చోవడం. ఇంగ్లండులో కియర్టన్ అన్నదమ్ములు 1895లో వేసిన 'బ్రిటిష్ బర్డ్స్ నెస్ట్స్' మొదటినుంచి చివరిదాకా నిజమైన ఫొటోలతో వచ్చిన తొలి ప్రకృతి పుస్తకాల్లో ఒకటి. వాళ్లు తర్వాత ఎద్దుచర్మంతో బొమ్మ ఎద్దు చేయించి, దాని పొట్టలో దూరి కెమెరా పెట్టేవారు. ఇప్పుడు నాలుగు గజాల ఆకుపచ్చ వలబట్ట చాలు.

ఎందుకంత దాక్కోవాలి? పిట్ట మనల్ని చూడ్డమే కాదు, మనం ఏం చూస్తున్నామో కూడా గమనిస్తుంది. మిలింద్ వాట్వే, ఆయన సహచరులు పసిరికల మీద చేసిన పని 2002లో 'యానిమల్ కాగ్నిషన్' పత్రికలో వచ్చింది. మనిషి గూటి కన్నం కనబడే చోట నిలబడితే పసిరిక గూట్లోకి దూరడానికి వెనకాడింది. అంతే దూరంలో, గూడు కనబడని చోట నిలబడితే లెక్కచేయలేదు. నలభై గ్రాములు కూడా లేని పిట్ట, ఎదుటివాడి కంటితో లోకాన్ని చూస్తోంది.

మనిషి ఎంత దగ్గరికొస్తే పిట్ట లేచిపోతుందో ఆ దూరాన్ని బెదురు దూరం అనవచ్చు. ప్రతి పిట్టకూ, ప్రతి చోటా వేరు. గుడి చెరువు గట్టున గోకురాయి మన పొట్లంలోని మరమరాలు ఎత్తుకుపోతుంది. అదే గోకురాయి అడవిలో ముప్పై మీటర్ల దూరంలోనే అరిచి అల్లరి చేస్తుంది. మాటును, కొమ్మను ఒకే రోజు పెట్టకూడదు. ముందు మాటు పెట్టి రెండు రోజులు ఖాళీగా వదలాలి. తర్వాత కొమ్మ, పిట్ట వాడే చోటికి దూరంగా పెట్టి, రోజుకు కొంచెం జరపాలి. నీళ్లున్న చోట కొమ్మకు ఎర అక్కర్లేదు. ఎండాకాలం నీటిచుక్కను మించిన ఎర లేదు.

ఎర అన్న మాట వచ్చింది కాబట్టి చెప్పాలి. మన 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 'వేట' అనే మాటకిచ్చిన అర్థంలో వలేయడం, తరమడంతో పాటు ఎర వేయడం కూడా ఉంది. పిట్టల గుడ్లను, గూళ్లను కదిలించడమూ వేటే. అభయారణ్యంలో ఫొటోలకు అడవిశాఖ అనుమతి కావాలి. దారంతో కట్టిన పురుగును కొమ్మకు వేలాడదీసి తీసిన ఫొటోలు నేను చూశాను. తోక చక్కగా ఉంటుంది. దారం చట్రం కింది అంచులో చిన్న గీతలా ఉంటుంది, అటు చూపు పోయాక ఇంకేమీ కనబడదు.

గూటి దగ్గర తీయాలనే కోరిక పొడుగు తోక పిట్టల విషయంలో మరీ ఎక్కువ. తోకపిగిలిపిట్టల్లో మగదీ పొదుగుతుంది. చిన్న గిన్నెలాంటి గూట్లో కూర్చుని, రిబ్బన్లు రెండూ కిందికి వేలాడేసుకుంటుంది. అంతకంటే అందమైన దృశ్యం నేను చూడలేదు. తీయలేదు కూడా. ఆ ఆకు ఒక్కటి అడ్డంగా ఉందని తుంపేవాళ్లున్నారు. ఆ ఆకే కాకికి గూడు కనబడకుండా అడ్డుపడుతున్నది. రెండు వారాల పొదుగు, ఇంకో పది రోజులు పిల్లలు. అంతకాలం ఆ కొమ్మ వాళ్లది.

మామిడి తోటకు మళ్లీ వెళ్లాను. ఈసారి ఒకటిన్నర మీటర్ల రేగుకొమ్మ, కొన నావైపు, వెనక పన్నెండు మీటర్ల ఖాళీ, ఆ వెనక మామిడి నీడ. గాలి కుడినుంచి. గురిచుక్క చట్రం పైభాగంలో. వలబట్ట వెనక నేను, పన్నెండు మీటర్ల దూరంలో. తాత మోటారు కొట్టం మెట్టు మీద, బీడీ వెలిగించకుండా.

అయిదున్నరకు వచ్చింది. సపోటా మీద ఒక క్షణం ఆగి, రేగుకొమ్మ మీద వాలింది. గాలికి ఎదురుగా, పక్కకు తిరిగి, నేను వేలాడదీసిన పాత రిబ్బను ఎక్కడుందో సరిగ్గా అక్కడే. నేను మీట నొక్కుతూనే ఉన్నాను. తర్వాత కెమెరా తెర మీద చూసుకుంటే తల నుంచి తోక కొస దాకా తేటగా ఉంది, కింద నాలుగు వేళ్ల ఖాళీ కూడా ఉంది. తాత నా భుజం మీంచి తొంగిచూశాడు.

"ఒకటే ఉందేంది సారూ? రెండోది యాడ పారేసుకొచ్చిందో."

నిజమే, ఒక్క రిబ్బనే ఉంది.